ఎలాగూ వచ్చావుగా

కిందటి వారం దుబాసీని వంటింటి గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. చేతిలో ఫోను, ఫోనులో ఆసుపత్రి నుంచి వచ్చిన కబురు. విచారణ ఇవాళ మధ్యాహ్నమే. పెద్దవాళ్ళంతా తెర మీదకి వస్తారు, ఈమె ఇంట్లో కూర్చునే జవాబు చెప్పుకోవచ్చు. నెట్ ఉంటే.

మధ్యలో ఒకటి రెండు వారాలు పత్రిక దొరక్క కథ తప్పిపోయినవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

పట్నం పెద్దాసుపత్రికి మన భాష తప్ప ఇంకోటి రాని రోగులు వస్తుంటారు. అక్కడి డాక్టర్లకి మన భాష రాదు. అలాంటప్పుడు మంచం పక్కన ఒక తెర పెడతారు. ఆ తెరలో ఈమె కనబడి డాక్టరు మాట రోగికి, రోగి మాట డాక్టరుకి చెబుతుంది. పట్నంలో కాపురం పెట్టనక్కర్లేదు, అత్తవారింటి చివరి గదిలో తలుపేసుకుని చేసుకోవచ్చు. కోడలి ఉద్యోగాన్ని ఏమనాలో తెలియక మామగారు ‘దుబాసీ’ అని పాతమాట ఒకటి తవ్వి తీశారు. ఊరు దాన్నే పట్టుకుంది.

ఇక ఊరికొచ్చే తీగ. మొదటి వారం నుంచీ దాన్ని తిడుతూనే ఉన్నాను, ఇంకా కసి తీరలేదు. పెద్దరోడ్డు నుంచి స్తంభం స్తంభానికీ వేలాడుతూ వస్తుంది. గడ్డి ఎత్తుగా వేసుకుని ట్రాక్టరు పోతే తెగుతుంది. వాన పడితే పోతుంది. ఏదీ లేకపోయినా పోతుంది, అప్పుడు ఎందుకు పోయిందో చెప్పగలిగినవాడు ఊళ్ళో లేడు. రౌటర్ డబ్బా మీద ఎర్రలైటు వెలిగిందంటే ఇంటిల్లిపాదీ వచ్చి జ్వరమొచ్చిన పిల్లని చూసినట్టు దాన్ని చూసి, ఎవరి పనికి వాళ్ళు పోతారు. ఆ ఇంట్లో రోజంతా వినిపించే మాటలు రెండే. "ఉందా?" "లేదు."

ఆ ‘లేదు’ అన్న మాటే దుబాసీ కొంప ముంచింది.

బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ కుడిచేతి వేళ్ళు రెండింటికి చీము పట్టి ఆసుపత్రిలో చేరింది. తీసెయ్యడమే మంచిదన్నాడు డాక్టరు. మందులతో కొన్నాళ్ళు చూడొచ్చని కూడా అన్నాడు, కాకపోతే అది గొణిగాడు. దుబాసీ రెండూ విడమరిచి చెప్పింది. ఆవిడ కాసేపు తన చేతికేసి చూసుకుని, "డాక్టరుగారితో చెప్పమ్మా. వేళ్ళు తీయించుకోవడం నాకిష్టం..." అంది. అంతే. తెర మీద ఆవిడ మొహం బిగుసుకుపోయింది, దాని మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది.

మన భాషతో వచ్చిన చిక్కే ఇది. పట్నం భాషలో కాదనడం ముందే వచ్చేస్తుంది. మనం అలా కాదు, చెప్పాల్సిందంతా చెప్పి ఔనో కాదో చివర్న తేలుస్తాం. ఆ చివరి మాట దారిలోనే పోయింది. రోజూ అయితే దుబాసీ హాల్లోకి పరిగెత్తి డబ్బాకేమొచ్చిందో చూసుకునేది. ఆ రోజు, అంటే ఊళ్ళో సంత జరిగిన రోజు, మంచం మీది మనిషిని వదిలి కదలబుద్ధి కాలేదు. ఫోను కిటికీలోంచి బయటికి చాపి సిగ్నల్ కోసం చూసింది. ఒక్క గీత కూడా రాలేదు. ఇంతలో నెట్ తనంతట తనే వచ్చింది. తెర వెలిగేసరికి డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు.

"ఏమంది? ఒప్పుకున్నట్టేనా?"

మళ్ళీ అడగాల్సింది. అడిగితే లైను పోయిందని తెలిసిపోతుంది. ఇంకొక్కసారి లైను పోయిందన్న మాట వింటే ఇంట్లోంచి పని మర్చిపొమ్మని పైఆఫీసులో అప్పటికే గట్టిగా చెప్పారు. ‘ఇష్టం’ దాకా విన్నాను కదా, ‘ఇష్టమే’ అనే ఉంటుందని దుబాసీ తనకు తాను సర్ది చెప్పుకుంది. "ఒప్పుకుంది," అంది డాక్టరుతో. తన మాట డాక్టరుకి చేరిందనుకున్న కుట్టుపనావిడ, కట్టు మార్చడానికే కాబోలనుకుని చూపించిన చోట ఎడమచేతి వేలిముద్ర వేసింది. మత్తు దిగి చూసుకుంటే రెండు వేళ్ళు లేవు. పక్కనే ఉన్న ఆవిడ అక్క మాత్రం ఆ ‘లేదు’ని చెవులారా వింది. విచారణ దాకా తీసుకొచ్చింది ఆ అక్కే.

ఇదీ జరిగిన కథ. ఇక ఈ వారానికి వద్దాం.

పొద్దున్నే దుబాసీ భర్త నెట్ తీగ చూసే లైన్‌మాన్‌ని బండి మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాడు. భర్తకి ఇంటి వెనక కోళ్ళ షెడ్డు ఉంది. కోళ్ళతో తప్ప ఎవరితోనూ నెమ్మదిగా మాట్లాడి ఎరగడు. అలాంటివాడు, "రా తమ్ముడూ, లోపలికి రా, కుర్చీలో కూర్చో," అంటుంటే లైన్‌మాన్‌కి మొదట అనుమానమే వచ్చింది. ఎప్పుడూ అతన్ని గుమ్మం బయటే నిలబెట్టి అరవడం ఆ ఇంటి ఆనవాయితీ.

అరవడానికి కారణం లేకపోలేదు. లైన్‌మాన్ ఆ చుట్టుపక్కల పేరుమోసిన అబద్ధాలకోరు. ఎప్పుడు ఫోన్ చేసినా "దార్లోనే ఉన్నానక్కా" అంటాడు. వెనక నుంచి వాళ్ళావిడ అన్నానికి పిలుస్తున్న కేక వినబడుతూ ఉంటుంది.

హాల్లో మామగారు తన కుర్చీలో ఉన్నారు. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. తుంటి విరిగినప్పట్నుంచీ పగలంతా ఆ కుర్చీయే. కుర్చీ పక్కన గోడకి స్విచ్చిబోర్డు, బోర్డు పైన అలమరలో రౌటర్. ఇంటికి నడిమధ్యన ఉంటే అన్ని గదులకీ అందుతుందని భర్తే అక్కడ పెట్టించాడు. చివరి గదికి సరిగ్గా అందదు మొర్రో అని దుబాసీ మొత్తుకున్నా వినలేదు.

"మళ్ళీ పోయిందా అన్నా?" అన్నాడు లైన్‌మాన్ కాఫీ గ్లాసు అందుకుంటూ.

"పోలేదు, బ్రహ్మాండంగా ఉంది. నీతో ఒక మాటసాయం కావాలి."

"చెప్పు."

"మధ్యాహ్నం మీ అక్క ఆఫీసువాళ్ళూ ఆసుపత్రివాళ్ళూ తెర మీదకొస్తారు. నువ్వు ఇలా పక్కన కూర్చుని, ఆ సంతరోజున లైను తెగిందండీ, నేనే వెళ్ళి అతికానండీ అని ఒక్క ముక్క చెప్పు. చాలు. గడ్డిబండి తగిలిందను, గాలి కొట్టిందను, నీ ఇష్టం. నీకు నేర్పాలా!"

దుబాసీ వంటింటి గుమ్మం దగ్గరే ఉంది. ఇలా చేయిస్తున్నట్టు భర్త ఆమెతో ఒక్క మాటన్నా అనలేదు. అని ఉన్నా ఆమె కాదనేది కాదేమో. ఆ పొద్దున ఆమె పరిస్థితి అలాంటిది. ఎవరో ఒకరు వచ్చి, తప్పు నీది కాదు తీగది అని నలుగురిలో చెబితే చాలనిపిస్తోంది. అది నిజమే అనుకుంటోంది కూడా.

లైన్‌మాన్ గ్లాసు కింద పెట్టాడు.

"సంతరోజున లైను పోలేదన్నా."

"పోయిందయ్యా. మీ అక్క చెబుతోందిగా."

"అక్క చెబితే? నేను మీ పక్క కొట్లోనే కూర్చుని ఉన్నాను. ఆ కొట్టుకీ మీ ఇంటికీ తీగ ఒకటే. వాళ్ళ నెట్ మీదే ఫోన్లో సినిమా చూస్తున్నా. లైను పోతే నా సినిమా ఆగదా? నెట్ వచ్చాక అక్క నాకు ‘ఇందాక నెట్ పోయింది’ అని మెసేజ్ పెట్టింది కూడా. లైను బాగానే ఉంది, మీ డబ్బానే ఆగినట్టుంది చూసుకోమని అప్పుడే చెప్పాను."

చెప్పాడు. దుబాసీకి గుర్తుంది. ‘దార్లో ఉన్నా’ లాంటిదే అనుకుని చదివి పక్కన పడేసింది. మనిషి జీవితంలో ఒక్కసారి నిజం చెబితే అదీ చెల్లలేదు.

"అయితే ఏమైందిప్పుడు?" భర్త గొంతులో తేనె అప్పుడే అయిపోయింది. "నువ్వు ఎన్నిసార్లు అబద్ధం చెప్పలేదు? మాకోసం ఒక్కటి చెప్పలేవా?"

"వస్తున్నానని చెప్పడం వేరన్నా. ఆవిడెవరికో వేళ్ళు పోయాయట. అది తెచ్చి నా మెడకి చుడతానంటే ఎలా?" లైన్‌మాన్ లేచి నిలబడ్డాడు. "గాలికి తెగితే నన్ను తిట్టారు, పడ్డాను. వానకి పోతే తిట్టారు, పడ్డాను. మీ ఇంటి గోడకున్న స్విచ్చి మీరు ఆపుకుంటే అది కూడా నాదేనా?"

"స్విచ్చి ఎవరు ఆపారు?"

అడిగింది దుబాసీ. గుమ్మం వదిలి హాల్లోకి వచ్చింది.

లైన్‌మాన్ ఆమె వైపు, భర్త వైపు, కుర్చీ వైపు చూశాడు. పాపం, అప్పటిదాకా కోపంలో ఉన్నవాడికి ఇప్పుడు బెదురు పుట్టింది.

"అదేంటక్కా... నువ్వు గదిలో ఉంటే నిన్ను పిలవడానికి పెద్దాయన అది నొక్కుతారుగా. నేనే చూశాను. టక్కుమని ఆపి మళ్ళీ వేస్తారు, నువ్వు పరిగెత్తుకుంటూ వస్తావు. కొట్లోవాళ్ళకీ తెలుసు." అతను తల గోక్కున్నాడు. "నీకు తెలీదని నాకు తెలీదక్కా."

కాఫీ సగం వదిలేసి అతను వెళ్ళిపోయాడు. బండి ఎక్కించుకొచ్చినవాడు దింపి వస్తాననలేదు.

దుబాసీ మామగారి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన తల ఎత్తలేదు. కండువా అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చున్నారు.

"నిజమేనా మామయ్యా?"

"పిలవడానికేనమ్మా. ఇంకెందుకూ కాదు. ఆ చివరిగది దాకా నేను నడవలేను కదా. నువ్వేమో చెవులకి అవి తగిలించుకుంటావు, గొంతు చించుకున్నా నీకు వినబడదు. బస్సులో తాడు లాగినట్టే అనుకున్నానమ్మా. ఒకసారి లాగితే డ్రైవరు ఆపుతాడు. అలాగ ఇది నొక్కితే నువ్వొస్తావు. వచ్చాక నీ పని మళ్ళీ నీకు వచ్చేస్తుంది కదా. ఏం పోతుంది అనుకున్నాను."

దుబాసీకి ఒక్కొక్కటే గుర్తొస్తోంది. నెట్ పోగానే తను కంగారుగా హాల్లోకి రావడం, డబ్బా మీద లైట్లు ఆరి వెలుగుతుండటం, కరెంటు ఊగిందేమో అనుకోవడం. అప్పుడు మామగారు ఎంత మెల్లిగా అడిగేవారు! ‘ఎలాగూ వచ్చావుగా అమ్మా, ఆ కళ్ళద్దాలు అందుకో.’ ‘ఎలాగూ వచ్చావుగా, కాసిని మంచినీళ్ళు.’ ‘ఎలాగూ వచ్చావుగా, ఆ కిటికీ వేసెయ్, ఎండ పడుతోంది.’ పని మధ్యలో కోడల్ని పిలవకూడదని, తను లేచేదాకా ఓపిగ్గా కాచుకుని కూర్చునే దొడ్డమనిషి అనుకుంది. పుట్టింటికి ఫోన్ చేసినప్పుడల్లా ఆ సంగతే చెప్పుకుని మురిసింది. మా మామయ్యలాంటివాళ్ళు ఎక్కడుంటారమ్మా అని.

"ఇలా చెయ్యమని మీకు ఎవరు చెప్పారు?"

మామగారు నోరు విప్పేలోగా భర్తే అందుకున్నాడు.

"నేనే చెప్పాను. ఏం, తప్పా? నేను పొద్దున్నుంచీ షెడ్డులో ఉంటాను. ఆయన దాహంతో చచ్చినా నీకు వినబడదు. తలుపు కొడితే వినవు, ఫోన్ చేస్తే ఎత్తవు. నాన్నా, ఏం కావాలన్నా ఇది నొక్కు, అదే పరిగెత్తుకొస్తుంది అన్నాను. వచ్చావా లేదా?"

"వచ్చాను."

"మరి!"

"అందుకేనా డబ్బా ఇక్కడ పెట్టించారు? నా గదిలో పెట్టమంటే ఇంటికి నడిమధ్య అన్నారు."

"నడిమధ్యేగా ఇది."

"ఎంతమందిని తిట్టుకున్నానో తెలుసా మీకు? తీగని తిట్టాను, వానని తిట్టాను. ఆ అబ్బాయిని ఇదే గుమ్మంలో నిలబెట్టి నువ్వు మనిషివేనా అన్నాను. మీరూ నా పక్కనే నిలబడి తిట్టారు. పైఆఫీసులో నోరెత్తకుండా మాటలు పడ్డాను. మా ఊరి లైను అంతేనండీ, ఏం చెయ్యమంటారండీ అని. ఒక్కరోజైనా మీకు చెప్పాలనిపించలేదా?"

"లైను కూడా పోతుందిగా! పోవడం లేదా? పదిసార్లలో ఎనిమిదిసార్లు లైనే. మిగతా రెండూ ఎటు లెక్కేస్తే ఏంటి? ఒక్క నిమిషం నెట్ పోతే కొంపలేం మునుగుతాయిలే అనుకున్నాను."

"మునిగింది. మనది కాదులెండి. ఆవిడది."

చెప్పుకోడానికి మాట లేనప్పుడు చాలామంది చేసే పనే భర్తా చేశాడు. గొంతు పెంచాడు.

"అయిందేదో అయింది. ఇప్పుడు నువ్వు వెళ్ళి స్విచ్చి ఆపారని చెబితే ఆవిడ వేళ్ళు మొలుస్తాయా? నీ ఉద్యోగం పోతుంది, అంతే. ఇంకెవరూ నిన్ను ఆ తెర దరిదాపులకి రానివ్వరు. లైను పోయిందను. వాడు చెప్పకపోతే పోనీ, నువ్వు చెప్పు. ఈ ఊరి లైను సంగతి తెలిసినవాడెవడైనా నమ్ముతాడు. నాన్నేదో తెలియక నొక్కి ఉంటాడు, పెద్దవాడు. ఆయన్ని నలుగురిలోకి ఈడుస్తావా?"

మామగారు కొడుకు వైపు ఒకసారి చూశారు. ఏదో అనబోయి మళ్ళీ కండువా మడత పెట్టుకున్నారు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. భర్త చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నిజం చెబితే దుబాసీకి మిగిలేది ఏమీ లేదు. ఆ పని ఆమెకి కేవలం జీతం కాదు. ఆ ఇంట్లో ఆమె మాటని చివరిదాకా వినేవాళ్ళు ఎప్పుడూ లేరు. ఆ తెర మీద మాత్రం డాక్టరూ రోగీ ఇద్దరూ ఆమె నోరు విప్పేదాకా ఆగి చూసేవాళ్ళు. దాన్ని తన చేత్తో తను తెంపుకోవాలి. లేకపోతే కుట్టుపనావిడ అన్న మాటని రెండోసారి కూడా మింగెయ్యాలి. ఎటు చూసినా ఆ మధ్యాహ్నం ఆమెకి చేదే రాసిపెట్టి ఉంది.

ఆమె భర్తతో ఇంకేమీ అనలేదు. చివరిగదిలోకి వెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చి హాల్లో మామగారి కుర్చీ పక్కన బల్ల మీద పెట్టింది. అలమరలో దుమ్ము కొట్టుకుపోతున్న తీగ ఒకటి దులిపి రౌటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ తగిలించింది. గాల్లో వచ్చే నెట్ మీద నమ్మకం పోయింది. గోడల మీద, మనుషుల మీద కూడా పోయింది. కళ్ళ ముందు ఉంటేనే ఉన్నట్టు.

"ఇక్కడెందుకు? గదిలో కూర్చో," అన్నాడు భర్త.

"ఇక్కడే కూర్చుంటాను."

భర్త షెడ్డుకి వెళ్ళలేదు. కోళ్ళకి మేత వేళ దాటిపోతున్నా గోడకి ఆనుకుని అక్కడే నిలబడ్డాడు.

తెర వెలిగింది. ఒక గడిలో పెద్ద డాక్టరమ్మ, ఆవిడే విచారణ నడిపే మనిషి. ఇంకో గడిలో పైఆఫీసు అధికారి. మూడో గడిలో ఒక కుర్రగొంతు దుబాసీ. ఈమె ఉండాల్సిన చోట ఇప్పుడు అతను ఉన్నాడు. నాలుగో గడిలో కుట్టుపనావిడ, పక్కన అక్క. కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుని దాని మీద ఎడమచెయ్యి కప్పుకుని కూర్చుంది ఆవిడ. ఆ చెయ్యి ఎవరైనా చూస్తారేమోనని ఆవిడకి బిడియం. బిడియపడాల్సింది ఆవిడా చెప్పండి!

డాక్టరమ్మ ఏదో మొదలుపెట్టబోయింది. కుట్టుపనావిడే ముందు మాట్లాడింది.

"నువ్వేనా తల్లీ ఆ రోజు మాట్లాడింది? గొంతు వింటే గుర్తుపడతాను. ఏదీ, ఒకసారి మాట్లాడు."

"నేనేనమ్మా," అంది దుబాసీ.

"ఆఁ, నువ్వే. అంతా మా ఇంటి పిల్లలాగా చెప్పావు. అందుకే నీకు చెప్పేశాక నాకు బెంగ తీరిపోయింది. ఇదిగో, నేను ఆ రోజు ‘ఇష్టం లేదు’ అన్నాను. గట్టిగానే అన్నాను. అది నీకు వినబడిందా, లేదా? అదొక్కటి చెప్పు. మిగతా గొడవలు వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు."

భర్త గోడ దగ్గర్నుంచి ‘లైను, లైను’ అని పెదాలు కదుపుతున్నాడు. దుబాసీ అటు చూడలేదు.

"వినబడలేదమ్మా. ‘ఇష్టం’ దాకానే వినబడింది. చివరి మాట నాకు చేరలేదు. చేరలేదని చెప్పకుండా, నువ్వు ఒప్పుకున్నావని నేనే కల్పించి చెప్పాను. మళ్ళీ అడగాల్సింది. ఉద్యోగం పోతుందని భయపడి అడగలేదు."

కుట్టుపనావిడ తిట్టలేదు. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

"కల్పించేదేదో ఒప్పుకోలేదనే కల్పించకపోయావా తల్లీ," అంది.

కుర్రదుబాసీ ఆ మాటని పట్నం భాషలోకి మార్చి చెబుతుంటే అతని గొంతు కూడా తడబడింది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ పట్నం భాషలో అడిగిన మాట దుబాసీకి అర్థం కావడానికి మధ్యలో ఎవరూ అక్కర్లేదు. అయినా కుర్రదుబాసీ తన పని తను చేశాడు. "లైను ఎందుకు పోయిందని అడుగుతున్నారు."

"లైను పోలేదండీ. మా ఇంట్లోనే స్విచ్చి ఆపారు."

"ఎవరు?"

దుబాసీకి పక్కన కుర్చీలో ముసలాయన ఊపిరి తీస్తున్నది వినబడుతోంది. ఎంత కోపమున్నా, మెట్టినింట్లో ఒక పెద్దమనిషిని చూపించి ఈయనే అని ఎలా చెప్పడం? అదీ ఇన్నాళ్ళూ అమ్మా అని తప్ప పిలవని మనిషిని. ఆమె తటపటాయిస్తుండగానే భర్త ముందుకొచ్చి తెరలోకి మొహం పెట్టాడు.

"మా నాన్నండీ. ముసలాయన. మతిమరుపు. ఏది నొక్కుతున్నాడో ఆయనకే తెలీదండీ. పొద్దున ఏం తిన్నాడో సాయంత్రానికి గుర్తుండదు. కావాలని చేసింది కాదు, తమరు పెద్దమనసు చేసుకుని..."

"ఒరేయ్."

ఆ గొంతు అంత గట్టిగా వచ్చి చాలాకాలమైంది. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి ముందు సీటువాడికి వినబడేలా అరిచిన గొంతు అది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నారో. మామగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"మతిమరుపా నాకు? ఎక్కిన ప్రతి మొహమూ గుర్తుపెట్టుకుని దిగాల్సిన చోట దింపినవాణ్ణి రా నేను. పొద్దున్నే నా పేరు ఎత్తావు, కొడుకువి కదా అని నోరు మూసుకున్నాను. నా తప్పు నేను ఒప్పుకున్నాను. ఆ అమ్మాయిని పిలవడానికి ఎన్నోసార్లు నొక్కాను, నిజమే. నా తల తీసుకోండి." ఆయన తెర వైపు తిరిగారు. "కానీ డాక్టరమ్మా, ఆ సంతరోజున, ఆ మధ్యాహ్నం, నేను ఇంట్లో లేను."

కుర్రదుబాసీ తొందరపడలేదు. ఆ చివరి ‘లేను’ పూర్తిగా చెవిన పడేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు.

అవును, లేరు. దుబాసీకి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కంటిడాక్టరు. పాలవ్యానులో వెళ్ళి, కళ్ళల్లో మందు వేయించుకుని, సాయంత్రం నల్లకళ్ళద్దాలతో వ్యానువాడి భుజం పట్టుకుని దిగి గుమ్మం తడుముకుంటూ వచ్చారు. వ్యానువాడికి చెప్పి, రెక్క పట్టుకుని ఎక్కించి పంపింది ఆయన కొడుకే. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒకరు చివరిగదిలో తలుపేసుకుని కుట్టుపనావిడ మాట వింటున్నారు.

భర్త చూపు స్విచ్చిబోర్డు మీదకి పోయింది. ఒక్క అడుగు అటు వేశాడు. అప్పటికే మామగారు బోర్డు మీద అరచెయ్యి కప్పి నిలబడి ఉన్నారు. ఆ చెయ్యి పక్కకి జరగలేదు. రౌటర్ మీద లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. తెరలో నాలుగు గడుల్లోంచీ అందరూ ఇటే చూస్తున్నారు.

దుబాసీ కుర్చీ వెనక్కి తిప్పింది. పెళ్ళయినప్పట్నుంచీ భర్తని ‘మీరు’ అనే తప్ప ఇంకోలా పిలవని మనిషి ఆమె.

"ఎందుకు నొక్కావు?" అంది.